పేరున్న చోట కిటికీ

సోమవారం పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి కొత్త బండి మీద వెంకట్రాజం పేరులో సగం లేదు.

రంగు చెరిగిపోవడం కాదు, రేకే లేదు. బండి ఎడమ పక్క, వెనక చక్రం పైన, పెయింటరు కట్టయ్య ఎర్ర రంగుతో రాసి పసుపు నీడ దిద్దిన 'వెంకట్రాజం వస్త్ర దుకాణం' నట్టనడుమ పసిపిల్లవాడు దూరేంత కంత పడింది. కోసిన ముక్క కింద మట్టిలో ఉంది. దాని అంచులు వంకర్లు తిరిగి, ఎవరో పట్టి గుంజినట్టున్నాయి.

సారయ్య తాళంచెవి చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ములుగు రోడ్డు మీద లారీలకు బాడీలు కడుతూ జుట్టు నెరిసిన మనిషి. లారీ బాడీలో కొత్తగా ఆలోచించేదేమీ ఉండదు. ఈ బండి అలాంటిది కాదు. చిన్న డీజిల్ వ్యాను చాసిస్ తెచ్చి, దాని మీద ఎనిమిది మంది పట్టే ఇల్లు కట్టాడు. బయటి నుంచి చూస్తే చౌరస్తా సందుల్లో తిరగగలిగేంత చిన్నది. లోపల కూర్చుంటే మోకాళ్ళు ముందు సీటుకు తగలవు. అంబాసిడర్‌లో ఇరుక్కుని, జీపులో ఎగిరెగిరి పడి విసిగిపోయిన ఇద్దరు సేట్లు, శుక్రవారం బండి పూజకు వచ్చి దీన్ని చూస్తామన్నారు. నచ్చితే ఇక లారీ బాడీల జోలికి పోనక్కర్లేదు.

వంగి ఆ ముక్కను పైకి తీశాడు. దాని పక్కనే రేకు కత్తెర పడి ఉంది. పిడికి ఎర్ర గుడ్డ చుట్టిన కత్తెర. యాకయ్యది.

"అన్నా, గిదేంది?"

యాకయ్య సద్ది గిన్నె సంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. షెడ్డులో రేకు పని మొత్తం అతనిదే.

"నన్నడుగుతానవా?" అన్నాడు సారయ్య.

"మరెవర్నడగాలె? నా కత్తెర గిక్కడెట్ల పడ్డది? శనారం నాడు గోడకు తగిలేసి పోయిన. నువ్వు సుత చూస్తివి."

నిజమే, చూశాడు. ఆదివారం షెడ్డు మూత. తాళంచెవి గేటు పక్కన ఇటుక కింద పెడతారని ఈ రోడ్డులో తెలియని వాళ్ళు లేరు. సారయ్య ఆ మాట అనబోతుండగా బయట రిక్షా గంట మోగింది.

ముందు అనసూయమ్మ దిగింది. ఏడాది కిందట పోయిన వెంకట్రాజం భార్య. చౌరస్తాలో బట్టల దుకాణం గల్లా మీద ఇప్పుడు ఆమే కూర్చుంటుంది. వెనక పెద్ద కొడుకు కిషన్ రావు. ఒక చెయ్యి లాల్చీ జేబులో పెట్టుకుని, ఎండ ఇంకా రాకముందే చెమటలు కక్కుతున్నాడు.

ఆమె అరుస్తుందనుకున్నాడు సారయ్య. అరవలేదు. బండి దగ్గరికి వెళ్ళి, మిగిలిన అక్షరాల మీద వేళ్ళు పెట్టి, కంత అంచు దాకా పోయి ఆగింది.

"ఇంటిల్లిపాదిమీ ఒక్క బండిల పాలంపేట గుడికి పోదామని ఎన్నేండ్లు అనుకున్నడో. ప్రతిసారి సగం మంది బస్సుల, సగం మంది జీపుల. పేరన్న ఎంట వస్తదనుకుంటి," అంది. తర్వాత తల తిప్పింది. "యాకయ్యా, శనారం నాడు నువ్వేమన్నవురా?"

యాకయ్య గిన్నె కింద పెట్టాడు.

"ఏమన్న అమ్మా?"

"నువ్వే చెప్పు. నా నోటితోని రాదు."

శనివారం ఆమె పేరు చూసుకోవడానికి వచ్చినప్పుడు యాకయ్య వెనక సీటు కింద బోల్టులు బిగిస్తున్నాడు. ఒళ్ళంతా చెమటతో తల బయటికి పెట్టి, పేరు మంచిగున్నది గానీ ఈ డబ్బాలో కూర్చునేవాళ్ళకు ఉడుకపోస్తుందన్నాడు. కూర్చునేవాళ్ళకు లేని బాధ నీకెందుకని ఆమె కసిరింది. ఆమె రిక్షా ఎక్కక ముందే, "సచ్చినోళ్ళకు పేరు, బతికినోళ్ళకు ఉడుకు" అని గొణిగాడు. గొణిగాననుకున్నాడు గాని, అది రోడ్డు మీద పంక్చర్లు వేసేవాడికి కూడా వినబడింది.

"నోరు జారింది అమ్మా. తప్పే. గని చెయ్యి జారలేదు," అన్నాడు యాకయ్య.

"కత్తెర ఎవలది?"

కిషన్ రావు పైకప్పు రేకుల కేసి చూస్తున్నాడు.

"శుక్రవారం పూజ. ఆ లోపల రేకు పెట్టి పేరు రాయించు సారయ్యా. ఈ మనిషి నాకు షెడ్డుల కనపడొద్దు. కనపడ్డడా, బండి నీకాడనే ఉంచుకో."

సారయ్య మొదట బండి వైపు, ఆ తర్వాత యాకయ్య వైపు చూశాడు. ఆ వరస యాకయ్యకు కూడా కనబడింది.

"కొన్ని దినాలు ఇంటికాడ ఉండు యాకయ్యా..."

"కొన్ని దినాలా? గా మాట ఆమెకు చెప్పు అన్నా, నాకు కాదు."

గోనె సంచి తెచ్చుకుని సుత్తెలు, ఉలులు, ఆకురాళ్ళు ఒక్కొక్కటీ అందులో వేసుకున్నాడు. కిరోసిన్ గుడ్డతో రెండు చేతులూ తుడుచుకున్నాడు. అరచేతుల నిండా పాత కాలిన మచ్చలు, పనికి కాసిన కాయలు. కత్తెర మాత్రం ముట్టుకోలేదు.

"అది నీకాడనే ఉండనీ. దొంగ సొమ్ము గద," అని గిన్నె తీసుకుని వెళ్ళిపోయాడు.

కిషన్ రావు అతనికి దారి ఇచ్చాడు. జేబులో చెయ్యి జేబులోనే ఉంది.

*

యాకయ్య లేకుండా ఆ కంత పూడ్చడం ఒక్కడి పని కాదని మంగళవారం పొద్దెక్కేసరికి తేలిపోయింది. గ్యాస్ మంట తగలగానే పలచటి రేకు అప్పడంలా లేస్తోంది. అతుకు బయటి నుంచి ఒకరు కొడుతుంటే, లోపలి నుంచి ఇంకొకరు ఇనుప దిమ్మె ఆనించి పట్టుకోవాలి. పెయింటరు కట్టయ్యను బతిమాలి సుత్తె చేతికిచ్చాడు సారయ్య.

"నా చేతికి కుంచె తప్ప బరువు ఆనదు మేస్త్రీ. వంకర పోతే నన్ననొద్దు."

"వంకర పోతే ఆ వంకర మీదనే రాద్దువు తియ్యి."

మళ్ళీ వెల్డింగు మొదలుపెట్టే ముందు కంత అంచులను ఆకురాయితో సాపు చేయబోయి సారయ్య ఆగాడు. కోత మొదలైన చోట పైన ఒకటి, సరిగ్గా దానికి ఎదురుగా కింద ఒకటి, పిట్ట నోరు తెరిచినట్టు చిన్న గాట్లున్నాయి. రేకు కోసేవాడు ముందు సూదిమొన ఇనుముతో గీత గీస్తాడు. ఆ గీత వెంట కత్తెర పోనిస్తాడు. ఈ గాట్లతో రేకు పనివాడికి పని లేదు. గాటు పక్కన రేకు బయటికి వంగి, లోపలి పక్క కనబడుతోంది. ఆ వంపు మీద ఎర్రటి మరక. రేకుకు తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్ అనుకుని గోటితో గీకాడు. పొడిలా రాలింది. లోపలి పక్క తాము వేసింది బూడిద రంగు అని గుర్తొచ్చింది గాని, కట్టయ్య తొందర పెడుతుంటే పనిలో పడిపోయాడు.

దిమ్మె పట్టుకుని బండి ఎక్కాడు. మధ్య సీటు ముందుకు మడిచి, వెనక సీటులోకి దూరి కూర్చున్నాడు. కట్టయ్య సీటు వెనక్కి నెట్టి, తలుపు వేసి, అవతలి పక్క నుంచి రేకు ముక్కను కంతకు ఆనించాడు.

వెలుతురు పోయింది.

సారయ్య ఆ సీటులో కూర్చోవడం అదే మొదటిసారి. బండి నమూనాను షెడ్డు నేల మీద సుద్దముక్కతో, ఉన్నంత సైజులో గీసుకున్నది అతనే. స్టూళ్ళు వేసి, వాటి మీద జనాన్ని కూర్చోబెట్టి, మోకాలికి మోకాలికి ఎంత ఎడం కావాలో చూసుకున్నాడు. అనసూయమ్మ కీళ్ళ నొప్పులకు తలుపు కింద అదనంగా ఒక మెట్టు పెట్టాడు. బరువు పరీక్షకు ఎనుమాముల మార్కెట్ నుంచి మిర్చి బస్తాలు తెచ్చి సీట్ల మీద పేర్చి, ధర్మసాగర్ దాకా నడిపి, చక్రాల మీది కమాను స్ప్రింగులు ఎంత దిగాయో చూశాడు. ఆ పరీక్షలో వెనక సీటులో కూర్చున్నవి బస్తాలే. బస్తాలు ఊపిరి పీల్చవు.

మెడ వెనక నుంచి చెమట దిగింది. కొత్త రెక్సిన్ వాసన, స్పాంజి అంటించిన జిగురు వాసన, వాటి వెనక ఇంకా వదలని మిర్చి ఘాటు. దగ్గు వచ్చింది. సుత్తె దెబ్బ ఒక్కొక్కటీ తల లోపల పడుతున్నట్టుంది. బయటికి పోదామని మధ్య సీటు మడిచే పిడి కోసం చెయ్యి చాపాడు. అందలేదు. ఆ పిడిని తలుపు వైపు పెట్టింది తనే. వెనక కూర్చున్నవాళ్ళను ఇంకొకరు దింపాలి తప్ప, వాళ్ళంతట వాళ్ళు దిగలేరు.

"కట్టయ్యా! తలుపు తియ్యి!"

"ఇంకా నాలుగు దెబ్బలున్నయి మేస్త్రీ."

"ముందుగాల తలుపు తియ్యి బై!"

బయటపడి బండి మెట్టు మీద కూలబడ్డాడు. కట్టయ్య మంచినీళ్ళ చెంబు అందించి నవ్వాడు.

"కట్టినోడివి నువ్వే గిట్ల గుడ్లు తేలేస్తే, ఎక్కేటోళ్ళేం గావాలె?"

సారయ్య నవ్వలేదు. నీళ్ళు తాగి, రేకు ముక్కను నాలుగు మరలతో కంతకు బిగించి, గోడ మీద దేవుని పటం దగ్గర నుంచి ఒక ఊదుబత్తి తీసి ముట్టించాడు. దాన్ని వెనక సీటు సందులో గుచ్చాడు. కట్టయ్యను మధ్య సీటులో వెనక్కి తిరిగి కూర్చోమని, తను బండి స్టార్ట్ చేశాడు. ముందు అద్దాలన్నీ దించాడు. ములుగు రోడ్డు మీద జోరుగా పోనిచ్చాడు. గాలికి కట్టయ్య అంగీ బుడగలా ఉబ్బింది.

"పొగ ఎటు పోతాంది?" అని కేకేశాడు సారయ్య.

"ఎటూ పోతలేదు మేస్త్రీ. మా ఇంట్ల దేవుని గూట్ల గూడ గింత నిమ్మళంగ నిలబడదు."

గాలి ముందు నుంచి వస్తోంది, మధ్య సీటు దాకా వచ్చి చచ్చిపోతోంది. బయటికి పోయే దారి ఉంటేనే గాలి లోపలికి నడుస్తుంది. ఆ దారి సారయ్య గీశాడు. షెడ్డుకు తిరిగి వచ్చాక నేల మీద నూనె మరకల కింద వెతికితే అది ఇంకా కనబడింది. వెనక చక్రం పైన, సుద్దతో గీసిన చిన్న కిటికీ. అక్కడ పేరు రావాలని అనసూయమ్మ, పెద్ద కొడుకు పక్కనుండగా, అన్న రోజు తన కాలి మడమతో తుడిచేసిన కిటికీ. ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు అప్పుడు.

కోసినవాడెవడో గాని, సరిగ్గా ఆ కొలతకే కోశాడు.

*

బుధవారం సారయ్య దుకాణానికి వెళ్ళాడు. చౌరస్తాలో అప్పుడే గిరాకీ మొదలైంది. గల్లా మీద అనసూయమ్మ, ఆమె తల పైన దండ వేసిన వెంకట్రాజం ఫోటో. తెల్ల పరుపు మీద కిషన్ రావు పాలంపేట దిక్కు రైతులెవరికో జాకెట్ బట్ట చూపిస్తున్నాడు.

"రేకు అతికినవా?" అంది అనసూయమ్మ.

"ఇంకా గట్టి చెయ్యలేదమ్మా. మీతోని ఒక మాట చెప్పి చేద్దామని."

"చెప్పు."

"వెనక సీటుకు గాలి లేదు. నేను కూసొని చూసిన. కిటికీ పెట్టాలె. పేరు వెనక తలుపు మీద రాయిస్త. ఇంకా పెద్దగ కనపడ్తది."

ఆమె గల్లా పెట్టె మూత మెల్లగా వేసింది.

"వెనక తలుపు మీద చక్రాల దుమ్మంత పడ్తది. ఆయన పేరు మీద దుమ్ము పడాలెనా సారయ్యా?"

"దినాం తుడుస్తరు గద అమ్మా..."

"పది దినాల కింద ఇంటిల్లిపాది ఈ బండిల ధర్మసాగర్ చెరువు దాకా పోయొచ్చినం. నాకు మంచిగనే ఉండె. పిల్లలకు మంచిగనే ఉండె. ఒక్క పెద్ద కోడలు కమలకు పడలేదు. ఆమెకు బస్సు సుత పడదు. ఒక్కరికి పడదని ఇల్లు కూలగొట్టుకుంటమా?"

ఆ రోజు ఆమె కూర్చుంది మధ్య సీటులో, కిటికీ పక్కన. పిల్లలు ఆమె ఒళ్ళో, ఆమె చుట్టూ. వెనక సీటులో కోడళ్ళు. సరిగ్గా అప్పుడే లోపలి గుమ్మం నుంచి కిషన్ రావు భార్య కమల చాయ్ గ్లాసులతో వచ్చింది. వాళ్ళ మాటలు విన్నదో లేదో తెలియదు. అత్తకు ఒకటి, సారయ్యకు ఒకటి ఇచ్చి, భర్త ముందు ఒకటి పెట్టింది. గ్లాసు అతని కుడిచేతికి కాకుండా ఎడమచేతి వైపు పెట్టింది.

రైతు భార్య గజం చాలంది. కిషన్ రావు బట్ట తాను విప్పి కొలిచాడు. పక్కనున్న కత్తెర తీసి, బట్ట పైఅంచున చిటికెడు గాటు పెట్టాడు. మళ్ళీ కింది అంచున, దానికి ఎదురుగా ఇంకో గాటు. అప్పుడు కత్తెర పక్కన పడేసి, రెండు చేతులతో బట్ట పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. సర్రుమని చీలింది. నిట్టనిలువుగా, దారం వెంట. గుంజినప్పుడు మొహం నొప్పితో ముడుచుకుంది. కుడిచేతి బొటనవేలికి లావుగా గుడ్డ చుట్టి ఉంది.

సారయ్య చాయ్ గ్లాసు కింద పెట్టి ఆ గాట్ల కేసి చూశాడు.

కిషన్ రావు తలెత్తాడు. చూపు సారయ్య కళ్ళ మీద పడింది, అక్కడి నుంచి తన వేలి మీదికి, తన ముందున్న గాట్ల మీదికి పోయింది. బట్టను మడవడం మొదలుపెట్టాడు. మడిచిన బట్టను విప్పి మళ్ళీ మడిచాడు.

"ఇంకేమన్న ఉన్నదా సారయ్యా?" అని గల్లా మీద నుంచి అడిగింది అనసూయమ్మ.

ఉంది. నాలుక చివరన ఉంది. కానీ తల్లి ముందు కొడుకును దొంగను చేసి నిలబెడితే, శుక్రవారం పూజ ఉండదు, సేట్లు రారు, బండి షెడ్డులోనే తుప్పు పట్టిపోతుంది. చెప్పకపోతే యాకయ్య ఉన్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాడు.

మెట్లు దిగి సైకిలు తీస్తుంటే వెనక నుంచి చెప్పుల చప్పుడు. కిషన్ రావు.

"సారయ్యా, జర ఆగు."

ఆగాడు. కిషన్ రావు దగ్గరికి వచ్చి, సైకిలు హ్యాండిల్ పట్టుకుని, బజారు అటూ ఇటూ చూశాడు.

"యాకయ్య... ఏడన్న పనిల చేరిండా?"

"ఎట్ల చేరుతడు సేటూ? సచ్చినోళ్ళ పేరు కోసిండని ములుగు రోడ్డంత చెప్పుకుంటాండ్రు."

కిషన్ రావు నోరు తెరిచాడు. దుకాణంలో నుంచి తల్లి పిలిచింది. నోరు మూసుకుని, హ్యాండిల్ వదిలి లోపలికి వెళ్ళిపోయాడు.

*

గురువారం సారయ్య ఏ పనీ కుదురుగా చేయలేకపోయాడు. రేకు ముక్కను వెల్డింగు చేయలేదు. చుట్టూ రబ్బరు పెట్టి, మళ్ళీ ఊడదీయగలిగేలా మరలతో బిగించాడు. దాని మీద కట్టయ్య అక్షరాలు పూర్తి చేశాడు. మధ్య సీటు పిడిని ఊడదీసి, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా అందేలా పైకి మార్చాడు. ఆ పని అయ్యాక తనకు తెలియకుండానే సైకిలు ఎక్కి, యాకయ్య ఇంటి ముందు దిగాడు.

యాకయ్య అరుగు మీద కూర్చుని పాత డబ్బా రేకుతో గరాటు చేస్తున్నాడు. పొరుగింటి కిరోసిన్ దుకాణం వాళ్ళకట. తల ఎత్తలేదు. అతని భార్య సమ్మమ్మ చాట పక్కన పెట్టి లేచింది.

"రా అన్నా. కూసో. ఇంకేం కోసుడు మిగిలిందని వచ్చినవు?"

"రేపు పూజకు రండ్రి. ఇద్దరు రండ్రి."

"ఎందుకు? అందరి ముందట మల్ల తిట్టించుకునేతందుకా?"

"నేనుంట గద."

"మొన్న సుత ఉంటివి గద అన్నా," అంది సమ్మమ్మ.

సారయ్య సైకిలు గోడకు ఆనించాడు. ఎవరు కోశారో తెలుసునని చెప్పడానికి నోరు రాలేదు. యాకయ్య గరాటు అంచు మడిచి, సుత్తెతో టక్కున కొట్టి, అప్పుడు తల ఎత్తాడు.

"నీకెరుకనా అన్నా, ఎవలు కోసిండ్రో?"

"ఎరుకే."

"మరి?"

"రేపు రా."

యాకయ్య సుత్తె కింద పెట్టాడు. "సేటు కొడుకే గద?" అన్నాడు నెమ్మదిగా. "సోమారం నాడు నా ముఖం చూడలేదు ఆయన. తప్పు చెయ్యనోడు తిట్టనన్న తిడతడు. వస్త తియ్యి. నేను మాత్రం నోరిప్ప. ఇప్పేటోళ్ళు ఇప్పాలె."

*

శుక్రవారం బండిని కడిగి షెడ్డు ముందు నిలబెట్టారు. బంతిపూల దండ, అద్దం మీద పసుపు కుంకుమ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కోడళ్ళు కొత్త చీరల్లో ఒక పక్కన నిలబడ్డారు. కమల చేతిలో అప్పుడే తడి గుడ్డ, నిమ్మకాయ ఉన్నాయి. అది పూజకు తెచ్చిన నిమ్మకాయ కాదు. చూడవచ్చిన ఇద్దరు సేట్లు బండి చుట్టూ తిరిగి, తలుపులు తీసి వేసి, సీట్లు నొక్కి చూసి తలలూపుతున్నారు. వాళ్ళలో ఒకాయన సారయ్య భుజం తట్టాడు. వారం కిందట అయితే అలా తట్టినందుకు సారయ్య నేల మీద నిలిచేవాడు కాదు.

అనసూయమ్మ కొత్త అక్షరాల మీద చెయ్యి పెట్టి కళ్ళకద్దుకుంది. పళ్ళెంలో కర్పూరం ముట్టించింది. అప్పుడు చూసింది, గేటు పక్కన యాకయ్యను, అతని వెనక కొంగు నిండా కప్పుకున్న సమ్మమ్మను.

"ఈ మనిషిని ఎవరు పిలిచిండ్రు?"

"నేనే అమ్మా," అన్నాడు సారయ్య. "యాకయ్య కోయలేదు."

"మరెవరు కోసిండ్రు?"

చూడకూడదనుకుంటూనే కిషన్ రావు కేసి చూశాడు. కిషన్ రావు డ్రైవరు సీటు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చెయ్యి మళ్ళీ జేబులో ఉంది. సేట్లిద్దరూ సీట్లు నొక్కడం ఆపేశారు.

"ఎరుకుంటే చెప్పు. ఎరుక లేకుంటే ఊకో," అంది అనసూయమ్మ. కర్పూరం పళ్ళెం పట్టుకుని గేటు దాకా నడిచింది. "నేను అన్యాలం చేసేదాన్ని కాదురా యాకయ్యా. ఈ మంట మీద చెయ్యి పెట్టు. నేను కోయలేదు, కోసి ఉంటే నా పిల్లలు నాకు దక్కరు అని ప్రమాణం చెయ్యి. ఇప్పుడే నిన్ను పనిల పెట్టుమంట."

"వద్దయ్యా," అంది సమ్మమ్మ వెనక నుంచి. "పిల్లల పేరు ఎత్తొద్దు. కోసినా కోయకున్నా పిల్లల పేరు ఎత్తొద్దు. మనకీ పని వద్దు, ఇంటికి పోదాం పా."

"కోయనోనికి భయమెందుకు?" అన్నాడు యాకయ్య. పాత మచ్చల చెయ్యి ముందుకు చాపాడు. మంట గాలికి వంగి అతని వేళ్ళ వైపు పాకింది.

"నా పిల్లలు..."

మాట పూర్తి కాలేదు. గుడ్డ చుట్టిన బొటనవేలున్న ఒక చెయ్యి వచ్చి అతని మణికట్టును పట్టుకుని పక్కకు గుంజింది. పళ్ళెం ఒరిగి కర్పూరం మట్టిలో పడింది. కిషన్ రావు దాన్ని చూడలేదు. యాకయ్య చెయ్యి వదలకుండానే తల్లి వైపు తిరిగాడు.

"నేనే కోసిన అమ్మా. ఇతని పిల్లలను తేకు మధ్యల. ఆదివారం మీరంత పండుకున్నంక వచ్చిన. ఇటుక కింద తాళంచెవి ఉంటదని ఎరుకే గద. ఉలితోని కంత చేసి, గోడకు తగిలేసి ఉన్న కత్తెర తీసుకున్న. ఎవరిదో చూడలేదు. బట్ట లెక్క పైన గాటు పెట్టిన, కింద గాటు పెట్టిన, పట్టి గుంజితే వస్తదనుకున్న. రేకు వేలు తిన్నది. సోమారం నాడు ఇతన్ని నువ్వు వెళ్ళగొడుతుంటే ఆ వేలు జేబుల దాచుకొని నిలబడ్డ. ఇతను నా పక్క నుంచే పోయిండు, నేను జరిగి తొవ్వ ఇచ్చిన. గంతే చేసిన. ధర్మసాగర్ కాడ కమల దిగి, ఆ కట్ట మీద వాంతులు చేసుకొని, ముఖం కడుక్కొని ఒక్కటే మాట అన్నది. చిన్న కిటికీ ఉంటే బాగుండు, అత్తమ్మకు జర చెప్పరాదు అని. గంతే అన్నది. సరే అన్న. ఇంటికొచ్చిన. నీ ముందట కూసున్న, అన్నం తిన్న, దుకాణం లెక్క చెప్పిన. ఈ మాట రాలేదు. వారం దినాలు చూసిన, రాలేదు. బాపు పేరు కోసేటప్పుడు ఏడ్చిన అమ్మా, నిజంగనే ఏడ్చిన. అయినా కోసిన. నీకు ఎదురుగ నిలబడి ఆ ఒక్క మాట చెప్పుడు కంటే, నాకు గదే సులువుగ అనిపించింది."